ఒక్క ఒంటి జట్టు

మైదానానికి అడ్డంగా, నడిగీత మీద, రెండు నిలువుల ఎత్తున గుడ్డతెర కట్టించాడు కోచ్ జమీల్ బేగ్. తెరకు ఇటున్న పిల్లలకు అటున్నవాళ్ళు కనపడరు. బంతి కెప్టెన్ గంగామణి కాళ్ళ దగ్గర ఉంది. ఆమె తెరవైపు తలైనా తిప్పకుండా ఎడమకాలితో బంతిని తెర మీదుగా లేపింది. అవతల ఓబులేశ్వరి అప్పటికే పరుగందుకుంది. బంతి ఎక్కడ దిగుతుందో అక్కడికి బంతికంటే ముందే చేరి, ఛాతీతో ఆపి, గోల్లోకి తన్నింది.

"మళ్ళీ" అన్నాడు జమీల్.

గట్టు మీద కూర్చున్న డాక్టర్ వకుళకు తెరకు రెండు వైపులా కనిపిస్తోంది. ఇరవై ముగ్గురు ఆడపిల్లలు. ఒక్కొక్కరి మెడ వెనక తమలపాకంత పట్టీ. దాన్ని తయారు చేసింది వకుళే. మొదట కాళ్ళు పోయినవాళ్ళ కోసం మొదలుపెట్టిన పని అది. చెక్కకాలిని మెదడు తన కాలే అనుకునేలా చేయడం. అది కుదిరాక ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. లేని కాలిని తనది అనుకోగలిగిన మెదడు, పక్కవాళ్ళ కాలిని ఎందుకు అనుకోదు?

జాతీయ సాకర్ మండలి ఆ ఆలోచన కోసమే ఎదురుచూస్తున్నట్టు వచ్చి వాలింది. ఆటగాళ్ళు ఒంటిమీద పరికరాలు పెట్టుకోవచ్చని ప్రపంచకప్ నిబంధనలు అప్పుడే మారాయి. మండలి వాళ్ళు ఈ పనికి 'ఏకాంగం' అని పేరు పెట్టి, విశాఖపట్నంలో శిబిరం ఏర్పాటు చేశారు. పట్టీ చేసేది చిన్న పనే. ఒకమ్మాయి బరువు ఏ కాలి మీదుంది, నడుం ఎటు తిరిగింది అన్న సంగతి మిగతా అందరి మెడల మీద సన్నటి స్పర్శగా చేరవేస్తుంది. మొదట్లో పిల్లలు చక్కిలిగింతలని నవ్వేవారు. కొన్ని వారాలకు ఆ స్పర్శ తెలియడం మానేసింది. దాని బదులు ఒకరికొకరు తెలియడం మొదలైంది.

ఓబులేశ్వరి మళ్ళీ పరుగెత్తింది. మలుపులో ఆమె కుడికాలు నేలలో దిగబడినట్టు ఆగిపోయింది. ఒళ్ళు మాత్రం ముందుకు తిరిగింది.

వకుళకు ఏ చప్పుడూ వినపడలేదు. తెరకు ఇటూ అటూ ఉన్న పిల్లలందరూ ఒకే క్షణాన కుడి మోకాలు పట్టుకుని కూలబడటం మాత్రం కనిపించింది. గోల్ దగ్గరున్న మణిపూర్ పిల్ల తోయ్‌బి, పక్కన నిలబడి నీళ్ళు తాగుతున్నవాళ్ళు, తెర ఇవతల గంగామణి, అందరూ. ఎవరికి దెబ్బ తగిలిందో తేల్చుకోవడానికి జమీల్ ఒక్కొక్కరినీ చూసుకుంటూ పరుగెత్తాల్సి వచ్చింది.

ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో ఓబులేశ్వరి పట్టీ తీసేశారు. ఇక ఆమె ఈ ప్రపంచకప్ ఆడదు కాబట్టి మళ్ళీ పెట్టలేదు. మోకాలు చక్కగా అతుక్కుంటోందని డాక్టర్లు అన్నారు. కానీ ఆ పిల్ల మంచం మీద లేచి కూర్చోలేకపోతోంది. కూర్చోబెడితే ఒరిగిపోతోంది. చెవిలో లోపం లేదు, తలలో లోపం లేదు, నరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఎలా ఉంటోంది నీకు?" అని అడిగింది వకుళ.

ఓబులేశ్వరి అనంతపురం వైపు పిల్ల. "ఒళ్ళు సన్నగైపోయినట్టుంది మేడమ్. ఇంత పెద్ద ఇంట్లో ఉండేదాన్ని తీసకపోయి బీరువాలో పెట్టినట్టు. యాడ నిలబడల్లో తెల్దు."

ఆమెను తన ఇంటికే తీసుకుపోయింది వకుళ. దగ్గరుంచుకుని చూడవచ్చన్నది పైకి చెప్పిన మాట. ఆ పిల్లను ఇంకెవరి కంటా పడనివ్వకూడదన్నది లోపలి మాట.

ఇంట్లో వకుళ తండ్రి అప్పలనరసయ్య ఉన్నాడు. పోర్టులో క్రేను నడిపి రిటైరైనవాడు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి, కుడివైపు సగం తిరిగొచ్చింది, సగం రాలేదు. మంచం మీద నుంచి పక్కకు జారిపోతున్న ఓబులేశ్వరిని ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఈ గుంటని మంచమ్మీద ఎందుకు పెట్టావే? పడిపోతాదన్న బయంతోటే సస్తాది. కింద పడుకోబెట్టు. నేల మీదనించి ఇంకెక్కడికి పడతాది?"

వకుళ చాప పరిచింది. ఆ రోజు నుంచి ఆయనకు అదే పని అయింది. గోడకు వీపు ఆనించి ఆ పిల్లను కూర్చోబెట్టేవాడు. ఎదురుగా తానూ చతికిలబడేవాడు. ఆమె ఒరిగితే పట్టుకునేవాడు కాదు.

"తాతా, పట్టుకో" అనేది ఓబులేశ్వరి.

"నేను పట్టుకుంటే నీ ఒళ్ళు నాకోసం కాసుకుని కూకుంటాది. పడు. మళ్ళీ లెగు."

"నీకు ఎట్లొచ్చింది లేసేది?"

"నాకేటి తెలుసమ్మా. పడ్డాను, పడ్డాను, ఓరోజు పడలేదు."

నుదుటి మీద బొప్పితో ఏడుస్తున్న పిల్లను చూడలేక, వకుళ పొద్దున్నే ప్రయోగశాలకు వెళ్ళిపోయేది.

జట్టు బయల్దేరడానికి నెలన్నర ముందు, తుదిజట్టు తేల్చడానికి కూర్చున్నారు. జమీల్, వకుళ, మండలి తరఫున ధనంజయ్ సహాయ్. గాజు అద్దం అవతల పిల్లలు భోజనాలు చేస్తున్నారు. ఒకరు నీళ్ళ కోసం చెయ్యి చాపితే, ఆ పక్కనున్నవాళ్ళు చూడకుండానే జగ్గు జరుపుతున్నారు.

పట్టీకి హద్దులున్నాయి. దూరం పెరిగితే కలయిక తెగిపోతుంది. పద్నాలుగు ఒళ్ళు దాటితే కలయిక మసకబారుతుంది. శిబిరంలో అందరినీ కలిపి ఉంచినా, పెద్ద జట్లతో ఆడేటప్పుడు ఆ రవ్వంత మసకే ఓడిస్తుంది. పదకొండు మంది, మార్చుకోవడానికి ముగ్గురు. మిగతా ఎనిమిది మంది పట్టీలు తీసి, వాళ్ళ స్థానాల్లో మామూలు ఆటగత్తెలను తీసుకుపోవాలి.

జమీల్ హైదరాబాద్ పాతబస్తీలో, చెప్పుల్లేని కాళ్ళతో ఆట నేర్చినవాడు. గోల్‌కీపర్‌గా తోయ్‌బి అన్నాడు, దానికి పేచీ లేదు. నడిమిట్ల గంగామణి లేకుంటే జట్టే లేదన్నాడు. ముందువరుసలో ఓబులేశ్వరి పోయిన చోటును ఇద్దరితో నింపుదామన్నాడు. చిక్కంతా ఎడమవైపు డిఫెన్స్‌ దగ్గర వచ్చింది.

"ఫూల్‌మణి" అన్నాడు జమీల్. ఆమె జార్ఖండ్ పిల్ల. గంగామణి గదిలోనే ఉంటుంది. తెలుగు కూడా ఆమె దగ్గరే నేర్చుకుంది. "దాన్ని దాటుకుని పోయే ఫార్వర్డ్ ఇంకా పుట్టలె."

"ఓబులేశ్వరి మోకాలు పోయినప్పటి నుంచి ఆ పిల్ల కలయికలో జంకు ఉంది" అంది వకుళ. "కుడికాలి మీద బరువు వెయ్యాలంటే తటపటాయిస్తోంది. ఆ తటపటాయింపు అందరికీ పాకుతోంది."

"నా కన్ను ఫూల్‌మణి అంటున్నది. మీ మిషన్ కాదంటున్నది."

"ఇన్నాళ్ళూ మిషన్ చెప్పింది తప్పలేదు కదా."

జమీల్ అద్దం అవతలి పిల్లల వైపు చూశాడు. "ఒకటి అడుగుత డాక్టర్ సాబ్. ఓబులికి వచ్చిన గతి ఈ ఎనిమిది మందికి రాదని చెప్పగలరా?"

సహాయ్ ఫోన్ మీద నుంచి తలెత్తాడు.

"ఆ పిల్లకు ఒక్కసారిగా తీసేశాం" అంది వకుళ. "వీళ్ళకు రోజురోజుకూ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతాను. మెదడుకు అలవాటు చేసుకునే వ్యవధి దొరుకుతుంది."

"అది కాదు అడిగింది. చెప్పగలరా?"

అలా తగ్గించి చూసింది లేదు. చూడటానికి సమయమూ లేదు. ఆ క్షణాన వకుళ కళ్ళ ముందు ఇంట్లో చాప మీది పిల్ల మెదిలింది. దాని వెనకే, ప్రపంచమంతా చూస్తున్న మైదానంలో ఒక్క ఒంటిలా కదిలే జట్టు కూడా మెదిలింది.

"చెప్పగలను" అంది.

జమీల్ ఫూల్‌మణి పేరు వదిలేశాడు.

జట్టు విమానమెక్కిన రోజున ఎనిమిది మంది శిబిరం కిటికీల దగ్గర నిలబడి చేతులూపారు. అప్పటికి వాళ్ళ పట్టీలు సగం బలంతో పనిచేస్తున్నాయి. మొదటి మ్యాచ్ నాటికి పావు వంతు. ఆ మ్యాచ్‌లో గంగామణి వెనక్కి తిరిగి ఇచ్చిన పాస్ చూసి వ్యాఖ్యాతలు మాటలు మర్చిపోయారు. ఊళ్ళల్లో బాణసంచా కాల్చారు. అదే సాయంత్రం శిబిరంలో ఒకమ్మాయి మెట్ల మీద కూలిపోయింది. మర్నాడు ఇంకొకరు. వారం తిరిగేసరికి ఎనిమిది మందీ పక్కల మీద ఉన్నారు.

వాళ్ళను వాళ్ళలో వాళ్ళకే మళ్ళీ పూర్తి బలంతో కలిపి చూసింది వకుళ. అది ఇంకా అధ్వాన్నమైంది. ఒక పిల్ల తూలితే ఎనిమిది మందీ తూలారు. ఒకరి వాంతి అందరికీ వచ్చింది. పద్నాలుగు మంది ఉన్నచోట లోటు తెలియలేదు. ఎనిమిది మంది ఉన్నచోట లోటే మిగిలింది.

ఇంటికి వచ్చి చూస్తే ఓబులేశ్వరి గోడ సాయం లేకుండా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అప్పలనరసయ్య పక్కన కునికిపాట్లు పడుతున్నాడు. వకుళ చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడిపోయింది. ఈ పిల్ల లేస్తోంది, వాళ్ళు కుంగుతున్నారు. తేడా ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. పట్టీ ఒక్కసారిగా పోయిన ఓబులేశ్వరి మెదడు ఇక ఎవరూ రారని తెలుసుకుంది. కొంచెం కొంచెంగా తగ్గించిన వాళ్ళ మెదళ్ళు మాత్రం సన్నబడుతున్న ఆ స్పర్శను వెతుక్కుంటూ, సొంత ఒంటి మాట వినడం పూర్తిగా మానేశాయి. తాను దయ అనుకుని చేసిందే వాళ్ళను ముంచింది.

అప్పటికప్పుడు ఎనిమిది పట్టీలూ తీయించింది. ఆలస్యమైపోయింది. జట్టు క్వార్టర్ ఫైనల్ గెలిచిన పొద్దున ఫూల్‌మణి గుక్కెడు నీళ్ళు మింగలేకపోయింది. ముక్కులోంచి గొట్టం వేశారు. తర్వాత పోయేది ఊపిరేనని పెద్ద డాక్టరు చెప్పాడు. ఫూల్‌మణి కళ్ళు మాత్రం తెలివిగానే ఉన్నాయి.

"మేడం" అంది, మాట ముద్దగా వస్తోంది. "గంగ ఎక్కడ పోయింది?"

వకుళ బయటకు వచ్చి జమీల్‌కు ఫోన్ చేసింది. సంగతంతా చెప్పింది, పద్నాలుగు మందీ వచ్చి మళ్ళీ కలిస్తే తప్ప వాళ్ళు లేవరేమోనంది. తాను చెప్పగలనన్న మాట తప్పయిందని కూడా చెప్పింది. అవతల పక్కన సహాయ్ గొంతు హిందీలో వినపడింది. ఎల్లుండి సెమీ ఫైనల్, అయిపోయాక చూసుకుందాం, ఫోన్ పెట్టేయమంటున్నాడు. జమీల్ పెట్టేయలేదు. గంగామణిని పిలిచి ఫోన్ చేతికిచ్చాడు.

"ఫూల్‌మణి ఎట్లుంది మేడం?"

"మింగలేకపోతోంది."

"మేము కప్పు అయిపోయినంక వస్తే?"

"అప్పటిదాకా ఊపిరి ఉంటుందో లేదో."

"ఇప్పుడొస్తే లేస్తరా వాళ్ళు?"

"లేస్తారనుకుంటున్నాను."

"అనుకుంటున్నరా, తెలుసా?"

"తెలియదు గంగామణీ" అంది వకుళ. "ఇంకే దారీ నా దగ్గర లేదు."

గంగామణి నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే తల్లికి పుట్టిన పిల్ల. ఊళ్ళో ఆమె బొమ్మతో కటౌట్ పెట్టారని వకుళ టీవీలో చూసింది.

"మొన్న డ్రెస్సింగ్ రూముల తోయ్‌బి లేనిదాని మీద ఒరిగింది మేడం" అంది గంగామణి. "ఫూల్‌మణి ఉండే దిక్కు. పడి తల పగలగొట్టుకున్నది. మాకు తెల్వక కాదు. గెలుస్తున్నమని చెప్పలె. వస్తున్నం."

సెమీ ఫైనల్ జరగాల్సిన రోజున మైదానంలోకి ఒక్క జట్టే వచ్చింది. ఎందుకు రాలేదో మండలి చెప్పలేదు. పిల్లలు డబ్బు తిన్నారని ఒకరు, కోచ్ దేశద్రోహి అని ఒకరు, తోచినట్టు చెప్పుకున్నారు. గంగామణి తల్లి ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. కటౌట్ తగలబెట్టారు. విశాఖ విమానాశ్రయం నుంచి పిల్లలను పోలీసు వ్యానులో, కిటికీలు మూసి తెచ్చారు. మర్నాడు జమీల్‌ను తీసేశారు. ఏకాంగం మూసేస్తున్నామని చెప్పి, వకుళ మీద విచారణ వేశారు.

అవేవీ పట్టించుకునే తీరిక ఆ పొద్దున ఎవరికీ లేదు. హాల్లో పరిచిన పక్కల చుట్టూ పద్నాలుగు మందీ నిలబడ్డారు. మసకైనా సరే, అందరినీ కలపాలి. వకుళ ఎనిమిది మెడలకూ పట్టీలు అంటించింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత నిలబడినవాళ్ళ మోకాళ్ళు కొద్దిగా వంగాయి, ఎవరో బరువు చేతికిచ్చినట్టు. ఫూల్‌మణి గుటక వేసింది. ఆ గుటక ఇరవై రెండు గొంతుల్లో కదలడం వకుళ చూసింది.

సాయంత్రానికి అందరూ లేచి నిలబడ్డారు.

ఓబులేశ్వరిని కూడా అక్కడికి తీసుకొచ్చారు. ఆమె హాలు మూల గోడకు దగ్గరగా, గోడను ఆనుకోకుండా కూర్చుంది. వకుళ పట్టీ పట్టుకుని ఆమె దగ్గరకు వెళ్ళింది.

"నీది కూడా పెడతాను. ఇట్టే నడిచేస్తావు."

ఓబులేశ్వరి ఆ ఇరవై రెండు మందినీ చూసింది. ఒకరి తల నిమిరితే అందరూ కళ్ళు మూసుకుంటున్నారు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా తల అడ్డంగా ఊపింది.

"వద్దు మేడమ్. కూసునేది నేనే నేర్చుకున్నా. ఇది పోతే మళ్ళీ రాదు."

శిబిరం పేరు మారిపోయి హాస్టల్ అయింది. ప్రహరీ దాటి ఎవరైనా కాస్త దూరం పోతే, లోపల ఉన్నవాళ్ళు గోడలు పట్టుకునేవారు. ఆడటానికి లేదు, ఇంటికి పోవడానికి లేదు. కొందరి తల్లిదండ్రులు వచ్చి గేటు దగ్గర కూర్చుని, బిడ్డ బాగానే నడుస్తోంది కదా, పంపించరేమని వకుళను తిట్టి పోయేవారు. ఆమె రోజూ వెళ్ళేది. తిట్టేవాళ్ళకు మంచినీళ్ళిచ్చేది.

వానాకాలంలో తోయ్‌బి తల్లి ఇంఫాల్‌లో చనిపోయింది. తోయ్‌బి వెళ్ళాలంటే ఇరవై రెండు మందీ కదలాలి. మండలి ఒప్పుకోలేదు. వీళ్ళ పేరు చెబితే విమాన సంస్థలూ తలలు అడ్డంగా ఊపాయి. అంత్యక్రియలు ఫోన్ తెరమీద చూశారు. ఇరవై రెండు మంది ఒకే తీరున వెక్కుతుంటే, తన తల్లికోసం తను ఏడుస్తున్నది ఎంతో తోయ్‌బికి తెలియలేదు. ఆ మాట ఆమే చెప్పింది. నా ఏడుపు కూడా నాకు దక్కలేదని హిందీలో అంది.

మర్నాడు గంగామణి హాలు మూలకు వచ్చింది. ఓబులేశ్వరి వకుళ ఇంటి నుంచి రోజూ ఆటోలో వచ్చి వీళ్ళతో కాసేపు ఉండి పోయేది. ఇప్పుడు గోడ పట్టుకుని, కుడికాలు ఈడుస్తూ, హాలు చుట్టూ నడవగలదు.

"నొప్పి ఉంటదానే?" అని అడిగింది గంగామణి.

"మోకాలు నొప్పే. ఒంటికి నొప్పి ల్యా." ఓబులేశ్వరి చెయ్యి గోడ మీద నుంచి తియ్యకుండా చెప్పింది. "బయమయితాది. శానా బయం. పొద్దున లేస్తానే, ఇంత చిన్నదాన్నా అనిపిస్తాది. యా పక్క చూసినా ఎవురూ ఉండరు."

"ఎన్ని దినాలు ఉంటది అట్ల?"

"నాకింకా పోలేదక్కా."

గంగామణి తల ఊపింది. ఆమె వెనక, హాలు అవతల, ఇరవై ఒక్క తలలు కొద్దిగా కదిలాయి. ఆమె నేరుగా వకుళ దగ్గరకు నడిచింది.

"తీసెయ్యండి మేడం. ఒక్కొక్కరివి, ఓబులికి తీసినట్టు, ఒక్కసారే. ముందు నాది."

"ఫూల్‌మణికి అయినట్టు అయితే?"

"అయితదో కాదో మీకు తెల్వదు. నాకూ తెల్వదు." గంగామణి జడ ముందుకు వేసుకుని మెడ వంచింది. "చాప వెయ్యమనుండ్రి."

ఈసారి వకుళ ఏ హామీ ఇవ్వలేదు. తోయ్‌బి, ఫూల్‌మణి చాప పరిచారు. గంగామణి పడుకుంది. మిగతావాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకుని గోడ వెంబడి నిలబడ్డారు. వకుళ పట్టీ అంచు పట్టుకుని లాగింది.

హాలంతా ఒక్కసారి ఊగి నిలదొక్కుకుంది. చాప మీద గంగామణి కళ్ళు విశాలమయ్యాయి. నోరు తెరిచింది, కేక రాలేదు. చేతులు నేల మీద దేనికోసమో తడుముకున్నాయి. ఇరవై ఒక్క మందిలో ఆమె ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. సాయం చేయబోయి అడుగు వేసిన ఫూల్‌మణి, ఎటు పోవాలో తోచక ఆగిపోయింది.

ఓబులేశ్వరి గోడ వదిలింది. రెండడుగులు వేసి పడింది. లేవడానికి ప్రయత్నించలేదు. మోచేతుల మీద పాక్కుంటూ చాప దగ్గరకు వెళ్ళి, గంగామణి తలను తన ఒళ్ళోకి లాక్కుంది.

"పడినావులే అక్కా" అంది. "ఇంక పడేదేం ల్యా. అట్లే ఉండు."